తిప్పి కట్టిన ఇల్లు

జెనిఫర్ తాళం తీసింది. ఏసుపాదం ఇంటివైపు కాక ముందు ఆమె ముఖంవైపు చూశాడు. తమ ఆదివారపు బడిలో పాటలు నేర్చుకున్న పిల్లే. అయినా ఇవాళ ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు. అమ్మేవాళ్ళు ఏ మాట దగ్గర తొందరపడతారో కనిపెట్టాలి.

వాళ్ళ తెలుగు సంఘం ఐసెలిన్‌లో ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటోంది. ఆ చర్చి త్వరలో మూతపడుతుంది. ఈ కొండమీది పాత ఇల్లు కుదిరితే సరే, లేకపోతే సంఘం చెల్లాచెదురే. పెద్దలు ముగ్గురు: ఏసుపాదం, కరుణమ్మ, పాస్టరు లెవి. ముగ్గురికీ ఏకమనస్సు కుదరందే ఏ పనీ చేయకూడదన్నది సంఘం పుట్టినప్పటి కట్టుబాటు. మిగతా ఇద్దరూ సరేనన్నారు. ఇక ఏసుపాదం చెప్పాలి.

"ఇది ఇంగ్లండ్‌లో కట్టిన హౌస్ అంకుల్," అంది జెనిఫర్. "ఒక ఉన్ని మర్చంట్ కట్టాడు. వాళ్ళ ఫ్యామిలీ త్రీ హండ్రెడ్ ఇయర్స్ ఉన్నారు. తర్వాత మెయింటెయిన్ చేయలేక సేల్ చేశారు. ఇక్కడి సోప్ ఫ్యాక్టరీ ఓనర్ కొని, స్టోన్ బై స్టోన్ విప్పించి, షిప్‌లో తెచ్చి మళ్ళీ కట్టించాడు."

"మరి ఆయన సంతానం?"

"లేరు. వైఫ్ డివోర్స్ చేసి వెళ్ళిపోయింది."

"ఆ తర్వాత?"

"నన్స్ కొన్నారు. వాళ్ళు ఓల్డ్ అయిపోయారు, కొత్తవాళ్ళు రాలేదు. తర్వాత వెడ్డింగ్ హాల్ పెట్టారు. అదీ క్లోజ్ అయింది."

కరుణమ్మ నవ్వింది. "ఏంటి అన్నయ్యగారూ, ఇల్లు కొంటున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా? వెనకటి తరాలన్నీ తవ్వుతున్నారు!"

అతనూ నవ్వాడు, పెదాలతో మాత్రమే. అక్కడ మూడు వందల ఏళ్ళు ఒకే వంశం. ఇక్కడికి వచ్చాక ఎవరూ నిలవలేదు. ఇది వీళ్ళకి కనిపించలేదా? కనిపించీ ఊరుకున్నారా? కరుణమ్మ అంత తొందరగా ఎందుకు ఒప్పుకుంది? లెవి ఇల్లు చూడకుండా నేల చూపులెందుకు చూస్తున్నాడు? నల్లబడిన ఓక్ చెక్కల గోడలు హాల్లో వెలుతురునంతా తాగేస్తున్నాయి. ఏసుపాదం సిగ్నల్ కోసమన్నట్టు ఫోన్ తీసి, వాళ్ళకు వీపు తిప్పి, గుమ్మానికెదురుగా నిలబడి దిక్సూచి తెరిచాడు.

దక్షిణం.

తను ఇంతసేపూ వెతికింది దీన్నేనా? అన్ని ప్రశ్నలు అడిగింది, తనలో ముందే సిద్ధంగా ఉన్న జవాబుకు సాక్ష్యం కోసమేనా?

"ఇంగ్లండ్‌లో డోర్ ఈస్ట్ ఫేసింగ్ అంకుల్," అంది జెనిఫర్ వెనకనుంచి. అతను ఉలిక్కిపడి ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఇక్కడ రోడ్ ఇటువైపు ఉందని తిప్పి కట్టించారు. నా క్లయింట్స్ ఇద్దరు వాస్తు అని వద్దన్నారు. మనకి అలాంటివి లేవు కదా."

"లేవు లేవు," అన్నాడు.

బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళకు పాఠాలు చెప్పేది అతనే. దిక్కులకు, ఘడియలకు భయపడే బతుకు పోయిందని చెబుతాడు. తాతలనాటినుంచీ క్రైస్తవులు. మరి ఈ భయం ఎవరిచ్చారు? మూడు పూటలా మోకరించే అమ్మ, పిల్లల్ని మాత్రం తల ఉత్తరానికి పెట్టి పడుకోనిచ్చేది కాదు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎదురు వాదించి ఉండేవాడేమో.

"ఏమంటారు, ఏసుపాదం గారూ?" లెవి అడిగాడు.

"ప్రార్థన చేసి చెప్తాను."

"అది కుదరదని చెప్పడానికి మనవాళ్ళు వాడే మాట. నాకు తెలీదా?" అంది కరుణమ్మ. "ఆ ప్రార్థనేదో ఇక్కడే చేద్దాం. మోకరించండి అయ్యగారూ. జెనీ, నువ్వు కూడా." తలమీద చీర కొంగు కప్పుకుంది. "అన్నయ్యగారే చెయ్యాలి."

మోకాళ్ళ కింద రాతి నేల. కళ్ళు మూసుకున్నాడు. పైకప్పు పాతదనాలి. హీటింగ్ ఖర్చనాలి. మనుషులతో అనగలిగిన ఆ కారణాలు ఒక్కొక్కటే నాలుక దాకా వచ్చి, కళ్ళు మూసుకున్నాక ఆగిపోయాయి.

"పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ," అని అలవాటైన మాటలు ముందు నడిచాయి. కాసేపటికి అవీ ఆగాయి. "ఈ గుమ్మం దక్షిణం చూస్తోంది తండ్రీ. నాకు భయంగా ఉంది. ఇక్కడ ఎవరూ నిలవలేదు. భయపడొద్దని అందరికీ చెప్పేవాణ్ణి, నా భయం పోలేదు. పోకపోతే మానె, నీ జనానికి ఇల్లు కావాలి. దీన్ని మాకివ్వు."

చివరి మాట తన నోటినుంచి వస్తుందని, అది వచ్చేదాకా అతనికే తెలియదు.

మామూలుగా మాట మాటకీ స్తోత్రం అనేవాళ్ళు ఇప్పుడు చప్పుడు చేయలేదు. ముగ్గురూ తనను చూస్తున్నారనుకున్నాడు. నవ్వుతున్నారనుకున్నాడు. కళ్ళు తెరవలేకపోయాడు.

"ఆమేన్!" లెవి గొంతు హాలంతా మోగింది. ఊపిరి బిగబట్టుకున్నవాడు ఒక్కసారిగా వదిలినట్టుంది.

"ఆమేన్. ఏకమనస్సు కుదిరింది," అంది కరుణమ్మ. "జెనీ, పేపర్స్ రెడీ చేయించమ్మా. ముందు నన్ను లేపు, మోకాళ్ళు పట్టేశాయి."

ఏసుపాదం కళ్ళు తెరిచాడు. లెవి ఇంకా మోకాళ్ళమీదే ఉన్నాడు. ఇంత చలిలోనూ రుమాలుతో నుదురు తుడుచుకుంటూ, ఎవరివైపూ చూడటం లేదు. ఏసుపాదం ఆ ముఖాన్ని కాసేపు చూశాడు. ఇదే భయాన్ని ఈయన ఎప్పటినుంచి మోస్తున్నాడో!

చెయ్యి అందించి లేపాడు.