పసుపు బొట్టు పడని తారీఖు

యానాంలో కంప్యూటర్ తెలిసినవాడు తానొక్కడేనని సుదీప్ నమ్మకం. మిగతావాళ్లంతా అతని దృష్టిలో మౌసు పట్టుకోవడం రాని మొద్దులు. వీరభద్రరావు గారి ఫంక్షన్ హాలుకి ఎక్సెల్‌లో బుకింగ్ ఫారం చేసిచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. ఖాళీ తారీఖులన్నీ లిస్ట్ బాక్సులో 25-6 అన్నట్టు రోజు, నెల అంకెల్లో వస్తాయి. ఒకటి నొక్కితే మ్యాక్రో అనే చిన్న ప్రోగ్రాం దాన్ని షీటులోకి ఎక్కిస్తుంది.

అంతవరకూ అక్కడ పద్ధతి వేరు. హాలు కావలసినవాళ్లు గోడ క్యాలెండరులో ఆ రోజు మీద స్వయంగా పసుపు బొట్టు పెట్టి, పేరు రాసేవారు. సుదీప్ ఆ క్యాలెండరు పీకించాడు.

"ఇంకా ఈ పసుపులేంటండీ, నలుగురూ నవ్వుతారు" అన్నాడు.

తన నిశ్చితార్థానికి జూన్ ఐదు కూడా ఆ ఫారంలోనే, కాలు మీద కాలేసుకుని నొక్కాడు. పెళ్లికూతురు సాయిదివ్య తండ్రి ఉమామహేశ్వరం మాష్టారు అతన్ని అడిగింది ఒక్కటే. "హాలు సంగతి నువ్వు చూసుకో బాబూ. అదీ చేతకానివాడికి పిల్లనెలా ఇస్తాను?"

ఓరోజు ఆఫీసు చూసే ఫిలోమినా ఫోన్ చేసింది. "అగ్రహారం వాళ్లు జులై మూడు నొక్కితే షీట్లో మార్చి ఏడు పడిందండి."

సుదీప్ వచ్చి, నిలబడే ఇరవై ఐదో తారీఖు నొక్కి చూశాడు. సరిగ్గానే పడింది.

"మిషన్ తప్పు చెయ్యదాంటీ, మనుషులే చేస్తారు. ముందా కళ్లజోడు మార్పించుకోండి" అని విసుక్కుని పోయాడు.

ఇరవై ఐదో నెల లేదు గనక అది సరిగ్గా పడిందనీ, పన్నెండు లోపు తారీఖయితే మ్యాక్రో అమెరికా వాళ్లలా నెల ముందనుకుని తిరగేస్తుందనీ ఆ మహానుభావుడికి తట్టలేదు. లిస్టులో నెల పేరు అక్షరాల్లో చూపించి, షీటుకి అంకెల ముక్క కాకుండా అసలు తారీఖునే పంపేలా రెండు లైన్లు రాస్తే సరిపోయేది. రాయాలంటే తన పనిలోనూ తప్పుండొచ్చని ఒప్పుకోవాలి. ఆ అలవాటు అతనికి లేదు.

ఫిలోమినా పాత క్యాలెండరు వెతికి మళ్లీ గోడకి తగిలించుకుంది.

మే నెలాఖరున సుదీప్ కాబోయే మావగారికి హాలు చూపించడానికి తీసుకొచ్చాడు. క్యాలెండరులో జూన్ ఐదు మీద పసుపు బొట్టు ఉంది, కింద కనకాలపేట బుల్లబ్బాయి పేరు ఉంది.

"ఆ రోజు మాదాంటీ" అన్నాడు సుదీప్.

"లిస్టులో ఖాళీ అనే చూపించిందండి. వాళ్లమ్మాయి పెళ్లి, శుభలేఖలు కూడా పంచేశారు."

సుదీప్ గబగబా షీటు తెరిచాడు. అతని పేరు మే ఆరు ఎదురుగా ఉంది.

"ఆయ్, ఆ రోజు హాలు కడిగించి సాయంత్రం దాకా మీకోసమే కూర్చున్నానండి" అంది ఫిలోమినా. "అడిగితే మళ్లీ కళ్లజోడంటారని అడగలేదు."

సుదీప్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మాష్టారు క్యాలెండరు దగ్గరికి వెళ్లి జూన్ పద్దెనిమిది ఖాళీగా ఉందని చూసుకున్నారు. ఫిలోమినా పసుపు డబ్బా తెచ్చింది. సుదీప్ వేలు చాపాడు.

"నువ్వు ముట్టుకోకు" అన్నారు మాష్టారు.

ఆయనే బొట్టు పెట్టారు. కింద కూతురి పేరు రాశారు. పక్కన ఇంకో పేరుకి చోటు వదిలి, పెన్ను జేబులో పెట్టుకున్నారు.