కొలతకు కుదిరిన తుపాకీ

పాత తుపాకులకు వెల కట్టడం అతని పని. బజారంతా అతన్ని వంకరయ్య అనేవాళ్లు, ముఖాన అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. అతని నోటికి అంత పేరుంది మరి. ఎడమ భుజం కిందికి జారి, మెడ ఓ పక్కకు ఒరిగి, కుడి చెయ్యి ఎడమదానికన్నా రెండు వేళ్ల మేర పొడుగ్గా ఉండేది. తనను చేసేటప్పుడు దేవుడు పక్కవాళ్లతో కబుర్లలో పడ్డాడని తనే చెప్పుకుని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, కొన్న చొక్కా ఒక్కటీ ఒంటికి పట్టకపోవడం అతనికి ఏనాటికీ తీరని దిగులు. ఎడమ పాదం పెద్దది కావడంతో ఏ బూట్లు వేసుకున్నా కరిచేవి. అందుకే ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టుగా పడేది. మెట్ల మీద ఆ చప్పుడు వినగానే ఇంట్లో భార్య తలుపు తీసేది. ముప్పై ఏళ్ల కాపురంలో అతను తన ఇంటి తలుపు తట్టి ఎరగడు.

ఓ మధ్యాహ్నం, వేటంటే పడి చచ్చే డాక్టరొకాయన అతన్ని ఒక ఇంటికి పంపాడు. ఆ ఇంటి పెద్దావిడ భర్త వాడిన రెండు గొట్టాల తుపాకీ అమ్మకానికి ఉందట. ఇప్పటికి ఎనిమిది మంది చూసినా ఆవిడ ఎవరికీ ఇవ్వలేదట. బేరం తెగలేదేమోలే అనుకున్నాడు వంకరయ్య.

గుమ్మంలో బూట్లు విప్పి అరలో పెట్టాడు. పక్కనే మగవాళ్ల నల్ల బూట్లు ఒక జత, అచ్చం అతనివిలాంటివే, నిగనిగలాడుతున్నాయి. పోయిన మనిషి బూట్లకు ఈ పాలిషెందుకో అర్థం కాలేదు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని ముందు పాత కుర్చీ, బల్ల మీద తుపాకీ ఉన్న తోలు పెట్టె ఉన్నాయి. ఆవిడ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆవిడ చూపు పెట్టె మీద లేదు, అతని మీదే ఉంది.

పని మొదలుపెడితే అతనికి లోకం పట్టదు. ముందు తుపాకీని మధ్యకు మడిచి గొట్టాల్లో తూటాలేమీ లేవని చూసుకున్నాడు. మూడుచోట్ల చెక్కిన నంబరు ఒకటేనని సరిపోల్చాడు. మరమేకుల తలల మీద గీత కూడా పడలేదు, అంటే తెలిసీ తెలియని చెయ్యి ఏదీ దీన్ని విప్పలేదు. గొట్టాలను విడదీసి వేలికి వేలాడదీసి కణుపుతో తట్టాడు. గంట కొట్టినట్టు మోగింది. ఆ మోత ఎంతసేపటికీ ఆగలేదు. కిటికీ వెలుగుకు పెట్టి లోపలికి చూస్తే వెలుతురు ఉంగరాలు ఒకదాని వెనక ఒకటి చెక్కుచెదరకుండా కనిపించాయి. ఎక్కడా సొట్ట లేదు. ఇంత మేలిమి సరుకు తన చేతికి వచ్చి పదేళ్లవుతుందేమో.

అప్పుడు చెక్క చూశాడు. భుజానికి ఆనే ఆ చెక్క ఒక పక్కకు ఎంతగా వంగి ఉందంటే, మామూలు మనిషి దాన్ని ఎత్తితే గురి ఎదుటి గోడ వదిలి పక్క గోడకు పోతుంది.

“తుపాకీ బంగారమే అమ్మా. కానీ చెక్క ఎవరి ఒంటికో కొలిచి చేయించారు, ఇంకొకరికి పనికిరాదు. సగం విలువ దీంతోనే పోయింది.”

“తెలుసు బాబూ. ఒక్కసారి నువ్వు ఎత్తి చూడు,” అందావిడ. వచ్చిన ఎనిమిది మంది చేతా అదే చేయించిందట. ఎత్తి చూసినవాళ్లను చూసినట్టే పంపేసిందట.

చెక్క కొలత చూడ్డానికి ఒకటే పద్ధతి. కళ్లు మూసుకుని తుపాకీ భుజాన పెట్టుకోవాలి, తర్వాత కళ్లు తెరవాలి. అతను ఖాళీ గోడ వైపు తిరిగి అలాగే చేశాడు. కళ్లు తెరిచేసరికి గొట్టం కొసనున్న గురి పూస సరిగ్గా చూపుకు ఎదురుగా నిలబడి ఉంది. మెడ వంచలేదు, భుజం ఎగెయ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక అతని ఒంటికి సరిపోయిన మొదటి వస్తువు అది. దాన్ని దించబుద్ధి కాలేదు. ఆ వెంటే ఆశ కూడా పుట్టింది. డాక్టరుకు పనికిరాదని చెప్పేసి, సగానికి సగం ధరకు తనే కొట్టేద్దామనుకున్నాడు.

“నాకూ కుదరలేదమ్మా,” అన్నాడు దించుతూ.

“అబద్ధం మీకెప్పుడూ చేతకాదు, ఏమండీ,” అందావిడ.

లోకంలో అతన్ని అలా పిలిచే మనిషి ఒక్కతే, ఆమె తన ఇంట్లో ఉంది.

ఆవిడ గొంతు పెంచకుండా చెప్పుకుపోయింది. పంతొమ్మిదేళ్ల క్రితం ఒక ఉదయం భర్త బాతుల వేటకు వెళ్లాడు. ఏటి ఒడ్డున తుపాకీ దొరికింది, మనిషి దొరకలేదు. ఆయన ఎప్పుడూ అంటుండే మాటను పట్టుకునే ఇన్నాళ్లూ వెతికానంది.

“మొహం మారొచ్చు, గొంతు మారొచ్చు, కొలత మారదు అనేవారు కదండీ మీరు.”

ఆ మాట వంకరయ్యదే. అంగడికి వచ్చిన ప్రతివాడికీ రోజూ చెప్పే మాట. ఈ ఇంటికి వచ్చాక మాత్రం అనలేదు.

“ధర చెప్పండి, నేను వెళ్లాలి,” అన్నాడు ఎలాగో.

“మీ తుపాకీ మీకే అమ్మనా? మీ కుర్చీ కూడా అలాగే ఉంచాను.”

తను అప్పటికే ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడని అతను అప్పుడు గమనించాడు. ఏ కుర్చీలోనైనా పోటు పెట్టే నడుము ఇక్కడ హాయిగా ఉంది. తుపాకీ బల్ల మీద పడేసి, గుమ్మంలో బూట్లలో కాళ్లు దూర్చి, తాళ్లు కూడా కట్టుకోకుండా బయటపడ్డాడు. ఆవిడ ఆపలేదు.

“ఈసారి ఆలస్యం చెయ్యకండి,” అన్న మాట మాత్రం వెనకే వచ్చింది.

బస్సులో ఎవరి మొహమూ చూడలేదు. ఇల్లు చేరి, భార్య చేతి కాఫీ తాగి, జరిగిందంతా చెప్పి ఇద్దరూ పడిపడి నవ్వుకుంటే ఈ పీడ వదిలిపోతుందనుకున్నాడు. మూడంతస్తుల మెట్లూ గబగబా ఎక్కి తలుపు ముందు నిలబడ్డాడు.

తలుపు తెరుచుకోలేదు.

కాసేపు చూసి, చెయ్యెత్తి తట్టాడు. లోపల భార్య నడిచి వస్తున్న చప్పుడైంది, తలుపు దగ్గర ఆగింది.

“ఎవరండీ?”

అప్పుడు చూసుకున్నాడు కాళ్ల వైపు. బూట్లు నిగనిగలాడుతున్నాయి. ఎడమ బూటు కరవడం లేదు. దారి పొడుగునా ఒక్క అడుగు కూడా ఈడ్చలేదు.

“మా ఆయన ఇంకా రాలేదండీ. వచ్చాక రండి,” అంటూ ఆమె లోపల గొళ్లెం పెట్టింది.

నేనే అనడానికి అతను నోరు తెరిచాడు. బయటికొచ్చే గొంతు ఎవరిదవుతుందోనని భయం వేసి, అలాగే నిలబడిపోయాడు.