ఆక్రాయిడ్ చప్పట్లు

ఫిలిపా తను రాసిన సంగీతాన్ని వాద్యబృందం ముందు నిలబడి తనే కర్ర పట్టుకుని నడిపిస్తుంది. అందులో ఒక్కటే సుఖం, ఎవరినైనా తిట్టుకోవాలంటే దూరం వెళ్లనక్కర్లేదు.

"చివర్లో ఈ నిశ్శబ్దం మరీ పొడుగైంది. కాస్త కత్తిరించమని రాసినావిడతో చెప్పి చూడకపోయావా?" అన్నాడు రిహార్సల్లో మొదటి వయొలిన్ వాయించే డెరిక్.

"చెప్పాను. మొండిది, వింటేగా."

"మరి అంతసేపు చేతులెత్తుకుని నిలబడేదెవరు?"

"ఇంకెవరు, నేనే. నా ఖర్మ."

వాద్యబృందం అంతా నవ్వింది. ఫిలిపా కూడా నవ్వింది గానీ లోపల గుబులుగానే ఉంది. ఇంగ్లండులో కొత్త సంగీతం మొదటిసారి మోగడం పెద్ద కష్టమేం కాదు, రెండోసారి మోగడమే గగనం. బారసాలకి అందరూ వస్తారు, తర్వాత బిడ్డ మొహం చూసేవాడుండడు.

ఈ కృతి మొదటిసారి మోగింది కూడా ఈ హడర్స్‌ఫీల్డ్ టౌన్‌హాల్లోనే. పెద్ద హోరు, ఆ తర్వాత నిశ్శబ్దం, దాని వెనక ఒంటరిగా ఒక ట్రాంబోన్, అంటే పొడుగాటి ఇత్తడి బాకా, వాయించే చిన్న పాట. గిన్నెలు కడుగుతూ ఫిలిపా నాన్న కూనిరాగం తీసిన పాట అది. మిల్లువాళ్ల బ్యాండులో ఆయనా ట్రాంబోనే వాయించేవాడు. ఆయన పోయాక మిగిలింది ఆ పాటే. దాన్ని రిహార్సల్లో తప్ప ఇంతవరకూ ఎవరూ వినలేదు. కారణం ఆక్రాయిడ్.

ఆక్రాయిడ్ గారిది ఎప్పుడూ ముందు వరసే. సంగీతం ఎక్కడ అయిపోతుందో ఊళ్లో అందరికన్నా ముందు తనకే తెలుస్తుందని ఆయన ధీమా. ఆయన చేతులు కలిస్తే చాలు, హాలంతా వంత పాడుతుంది. ఆ రోజు నిశ్శబ్దం మొదలైందో లేదో, ఆయన చప్పట్లు కొట్టాడు. జనం లేచి నిలబడ్డారు. డెరిక్ వంగి దండం పెట్టాడు. ట్రాంబోన్ వాయించేవాడు వాద్యాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ముగింపు అద్భుతమని మర్నాడు పేపరు రాసింది. ఫిలిపా ఆ పేపరు చింపి పొయ్యిలో వేసింది.

ఇవాళ రెండోసారి మోగబోతుంటే మళ్లీ ఆయనే, ఆ మాసిన ట్వీడు కోటులోనే. కచేరీకి ముందు టీ తాగుతున్న ఆయన్ని నాలుగు దులుపుదామని వెళ్లింది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆక్రాయిడ్ గారూ, మీతో పని పడింది."

"చెప్పమ్మాయ్."

"నా పాట చివర్లో పెద్ద నిశ్శబ్దం ఉంది. తెలియనివాళ్లు అయిపోయిందనుకుంటారు. అసలు ముగింపు దాని తర్వాత ఉంది. మీరు కొడితేగానీ ఎవరూ కొట్టరు కదా, అందుకని ఊరి పరువు మీ చేతుల్లో పెడుతున్నా."

ఆయన చేతిలోని బిస్కెట్టు విరిగి టీలో పడింది. "నా చేతుల్లోనా?"

"మీ చేతుల్లోనే."

కచేరీలో ఆ నిశ్శబ్దం రానే వచ్చింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. భుజాలు మండిపోతుంటే ఫిలిపా రాసినావిడని కడుపారా తిట్టుకుంది. వెనక ఎవరో దగ్గారు. చప్పట్లు పడలేదు.

ట్రాంబోన్ మొదలైంది. నాన్న ఎక్కడ ఆగి తువ్వాలు వెతుక్కునేవాడో, పాట అక్కడే ఆగి మళ్లీ అందుకుంది. హాలు నిండా జనం నాన్న పాట వింటున్నారు. ఫిలిపాకి ఎదుట కాగితాలు అలుక్కుపోయాయి. ఆఖరి స్వరం సన్నబడి పోయింది. ఆమె చేతులు దించింది.

ఎవరూ కొట్టలేదు.

డెరిక్ కనుబొమలు ఎగరేశాడు. ఫిలిపా మెల్లగా వెనక్కి తిరిగింది. హాలంతా ఆక్రాయిడ్ వంకే చూస్తోంది. ఆయన మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని, చెమటలు కక్కుతున్నాడు.

"అయిపోయిందా అమ్మాయ్?" అని పైకే అడిగాడు.

అయిపోయిందనాలి. అంటే నాన్న పాట కూడా అయిపోయినట్టే.

"ఇంకొంచెంసేపు ఉండనివ్వండి," అంది.

ఆక్రాయిడ్ తలూపి, వెనక్కి తిరిగి హాలు మీద కసిరాడు. "ఇంకా కాలేదట! ఎవరూ చేతులు కదపకండి!"

ఎవరూ కదపలేదు.