రెండు ఇంజన్లూ తిరుగుతున్నాయి

పడిపోయిన ఆ రెండింజన్ల చిన్న విమానానికి ఎడమ ఇంజన్లో సిలిండర్ మార్చింది నేను. ఆ పొద్దున ట్యాంకులు నింపింది మా తోడల్లుడు. విమానం లేచింది, లేచీ లేవకముందే వెనక్కి తిరగబోయింది, కంచె అవతల బీడులో పడింది. లోపల పైలట్ ఒక్కడే. మనిషి దక్కలేదు.

మంచివాడు. నన్ను "డాక్టరుగారూ" అని పిలిచేవాడు. బడి మధ్యలో మానేసినవాణ్ణి అలా పిలవాలని ఇంకెవరికీ తట్టలేదు.

ఆ రోజు నుంచి ఎవరి నోట విన్నా కారణాలే. కాపలావాడు పక్షి తగిలిందన్నాడు. మేనేజరు బరువెక్కువైందన్నాడు. ఆయన జన్మలో ఒక పెట్టె ఎత్తి ఎరగడు. మిగతా పైలట్లు మాత్రం నావైపు చూడకుండా, నాకు వినపడేటట్టు, "ఇంజన్ ఆగిపోయి ఉంటుంది" అనుకున్నారు. విచారణ తేలేదాకా మా ఇద్దరినీ పనిలోకి రావద్దన్నారు.

మేమిద్దరం అక్కచెల్లెళ్లని చేసుకున్నాం. ఒకే ఇంట్లో కిందా పైనా కాపురం. మెట్ల దగ్గరే మొదలైంది.

"నీళ్లు కలిసిన ఇంధనం పోశావేమో గుర్తు తెచ్చుకో," అన్నాను.

"గాజు గ్లాసులో పట్టి, వెలుతురుకి పెట్టి చూసి మరీ పోశాను. నువ్వే ఏ నట్టో వదిలేసుంటావు అన్నయ్యా."

"నా చేతి నట్టు ఊడిన రోజు మీసం తీసేస్తా!"

"ఉంటే కదా తియ్యడానికి!"

మరదలు పైనుంచి కేకేసింది. "అక్కా, మీ ఆయన్ని నువ్వు లోపలికి లాక్కెళ్లు. మా ఆయన్ని నేను లాక్కొస్తా. వీధి వీధంతా వింటోంది!"

అక్కడితో మాటలు బంద్. అక్కచెల్లెళ్లు మాత్రం మా కళ్లుగప్పి కూరగిన్నెలు మార్చుకునేవారు. మొదటి ముద్దలోనే మరదలి చెయ్యి అని తెలిసిపోయేది. అడిగితే అది కూడా ఆగిపోతుందని నోరు మూసుకుని తినేవాణ్ణి. తింటున్నా అదే ఆలోచన. నా చేతుల వల్లే ఒక మనిషి పోయాడా? నావల్ల కాదంటే మరి వాడివల్లేనా? ఎటు తిప్పినా మా ఇంటి గుమ్మంలోకే వచ్చి ఆగేది.

విచారణకి వచ్చిన అధికారిణి ముందు నన్ను పిలిచింది. పెద్ద చదువు చదివిన మనిషి. అయినా కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఇంధనం పోసేటప్పుడు మీరు పక్కనే ఉన్నారట. నీళ్లున్నాయేమోనని ఆయన చూశారా?"

'గమనించలేదండి' అంటే సరిపోయేది. నేను బయటపడేవాణ్ణి. కానీ వాడు చూశాడు. గ్లాసు ఎండకెత్తి, ఒక కన్ను మూసుకుని చూశాడు.

"చూశాడండి," అన్నాను. పన్ను పీకినట్టు వచ్చింది ఆ మాట.

తర్వాత వాడి వంతు. అదయ్యాక ఇద్దరినీ షెడ్డులోకి తీసుకెళ్లింది. ఇన్నాళ్లూ మమ్మల్ని ఆ ఛాయలకి రానివ్వలేదు. టార్పాలిన్ మీద ముక్కలు పరిచి ఉన్నాయి.

"ప్రొపెల్లర్లు చూడండి. రెండింటి రెక్కలూ ఒకేలా మెలితిరిగాయి. ఆగిన ఇంజన్‌కైతే ఇలా తిరగవు. అంటే నేలకి తగిలేసరికి రెండు ఇంజన్లూ పూర్తి బలంతో తిరుగుతున్నాయి."

నేను ఆ రెక్కల్ని చూస్తూ ఉండిపోయాను. పక్కనే వాడు చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

ఆవిడ విమానం ముక్కు దగ్గరి సామాన్ల అర తలుపు చూపించింది. గొళ్లెం సరిగ్గా పడలేదట. ఆ పొద్దున పైలట్ తన సంచీ తనే అందులో పడేసి, ఒంటిచేత్తో తలుపు మూశాడు. మా దగ్గర ఒక అలవాటుంది. పైలట్ మూసిన తలుపుని మేం మళ్లీ లాగి చూడం. చూస్తే ఆయన్ని నమ్మనట్టు. ఆ రోజు ఇద్దరం అక్కడే ఉన్నాం, ఇద్దరం మర్యాద పాటించాం.

"తలుపు తెరుచుకున్నంత మాత్రాన విమానం పడిపోదు," అందావిడ. "అది గాలికి దబదబా కొట్టుకుంటుంటే కంగారుపడి, వేగం చాలకుండానే గట్టిగా మళ్లించి ఉంటారు. విమానం రెక్క ఒకటి వాలిపోయింది. మాకు తోస్తున్న కారణం ఇదే. మీ ఇద్దరి పనిలో తప్పు లేదు." వెళ్తూ వెళ్తూ నవ్వింది. "ఈయన మీ గురించి ఏం చెప్పారో తెలుసా? 'మా అన్నయ్య నోరు తప్ప అన్నీ గట్టిగా బిగిస్తాడు' అన్నారు."

బయటికొచ్చాం. చాలా దూరం నడిచాక వాడే అడిగాడు.

"నేనే చంపాననుకున్నావు కదూ?"

"అనుకున్నాను. నువ్వో?"

"నువ్వే అనుకున్నా. ఆవిడ ముందు మాత్రం ఆ మాట అనడానికి నోరు రాలేదు."

"నోటి సంగతి బాగానే చెప్పావులే."

ఇద్దరం నవ్వబోయి ఆపుకున్నాం. పోయిన మనిషి మంచివాడు.

"ఆ తలుపు ఒక్కసారి లాగి చూడాల్సింది," అన్నాడు వాడు.

 

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు ఒక కుర్ర పైలట్ తన పెట్టె సర్దుకుని, సామాన్ల అర తలుపు మూసి, చేతులు దులుపుకున్నాడు. నేను వెళ్లి పిడి పట్టి గట్టిగా లాగాను.

"ఏంటి పెద్దాయనా, నమ్మకం లేదా?" అన్నాడు మొహం ముడుచుకుని.

"లేదండీ," అన్నాను. ఎన్నాళ్లకో ఒక మాట ఇంత హాయిగా అన్నాను.

రెక్క కిందనుంచి మా తోడల్లుడు వంగి వచ్చాడు. చేతులు తుడుచుకుని, నేను లాగిన తలుపునే మళ్లీ లాగి చూశాడు. ఇంకొకప్పుడైతే మెడ పట్టుకునేవాణ్ణి. పక్కకి జరిగి చోటిచ్చాను.