కొట్టేసిన వాక్యం

బాప్తిస్మం అడిగినవాడు ముందు సాక్ష్యం రాసి చూపించాలన్నది దేవదానం గారు పెట్టిన కట్టడి. 1983 నాటికి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవై ఊరి చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు పదకొండు. సొంత చర్చి లేదు. ఒంగోలు నుంచి వచ్చిన దేవదానం గారు వారమంతా ఫ్యాక్టరీలో గేర్లు కొలిచి, ఆదివారం పూట పాస్టరయ్యేవాడు. రెండేళ్ళ కిందట ఒకడు ఆయన చేతుల్లో మునిగి, గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సంఘం పెద్దల సంతకాలు పడగానే పత్తా లేకుండా పోయాడు. అప్పట్నుంచీ ఆయనకి ఎవరి మీదా గురి కుదరడం లేదు.

ఇప్పుడు బాప్తిస్మం అడుగుతున్న, కార్లకు బ్రేకులు డిజైన్ చేసే జగదీష్ మీద అస్సలు కుదరలేదు. పలనాడు మనిషి. ఇంటి ముందు రాయికి పసుపు రాసే తల్లి కొడుకు.

"నీ వెనకటి దేవుళ్ళ గురించి ఏమనుకుంటున్నావో నీ చేత్తో రాసుకురా," అంటూ ఆయన ఒక పాత పుస్తకం చేతిలో పెట్టాడు. "పదహారొందల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో ఒక పంతులు రాశాడు. ఆయనా విగ్రహాలకి మొక్కినవాడే. మారానంటే బిషప్పు నమ్మలేదు. నమ్మించడానికి రాశాడిది."

జగదీష్ లంచ్ టైమ్‌లో కార్లో కూర్చుని చదివాడు. మనిషికి తన పుట్టుక సంగతే తెలియదు, తన లోపల ఉన్నదేమిటో తెలియదు, అంత తెలియనివాడు ఈ బొమ్మే దేవుడని ఎలా తేల్చాడు అని ఆ పంతులు గుచ్చి గుచ్చి అడుగుతాడు. జగదీష్‌కి అది గుండెలో దిగింది. నాలుగు పేజీలు రాశాడు. మూడో పేజీలో తల్లి గురించి రాశాడు: "తనకు తెలియదన్న సంగతి కూడా తెలియని అజ్ఞానంలో మా అమ్మ బతికింది." ఆ వాక్యం కింద దేవదానం గారు ఎర్ర గీత గీసి, బాగుందన్నాడు.

శనివారం నాడు జగదీష్ ఆ కాగితాలు గొంతెత్తి చదువుకుంటుంటే, ఆరు నెలల కోసం వచ్చి ఉన్న తల్లి సీతమ్మ వంటగదిలోంచి పిలిచింది.

"ఆ రాయి గొడవేందిరా? నా గురించేనా? ఇటొచ్చి చదువు."

చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగాడు.

"ఆగావేం? బండికి బ్రేకులు చెయ్యమంటే నోటికి చేసుకున్నావా? కానీ."

అదీ చదివాడు. క్యాబేజీ తరుగుతున్న కత్తి ఆగింది.

"నాకు తెలీదని నాకు తెలీదా?" అంది సీతమ్మ. "మీ నాయనకి విషజ్వరం వచ్చినప్పుడు ఆ రాయి ముందర కూకొని ఏమన్నానో ఎరుగుదువా? 'నువ్వున్నావో లేవో నాకు తెలీదు. ఉంటే ఈ మనిషిని లేపు' అన్నా. లేవలేదు. పెద్దకర్మ కాగానే మళ్ళీ పసుపు రాశా."

"ఎందుకని అమ్మా?"

"ఏమో. తెలిస్తే చెప్పనూ?" కత్తి మళ్ళీ కదిలింది. "రాసింది రాశావు, చదువుకోపో. ఆ మునగటం నాకిష్టం లేదని ముందే చెప్పా."

ఆ సాయంత్రం జగదీష్ ఆ వాక్యాన్ని కొట్టేశాడు.

ఫిబ్రవరిలో మిషిగన్ చెరువులు గడ్డకట్టి ఉంటాయి గనక, హైవే పక్క మోటెల్లో లోపలుండే స్విమ్మింగ్ పూల్‌ని రెండు గంటలకు బుక్ చేసేవాళ్ళు. గాలి నిండా క్లోరిన్ వాసన. అద్దాల బయట మంచు. జగదీష్ బాప్తిస్మం రోజున, సంఘం వాళ్ళ మధ్య సీతమ్మ చీర మీద కోటు వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తెల్ల చొక్కాతో గట్టు మీద నిలబడి జగదీష్ సాక్ష్యం చదవడం పూర్తిచేశాడు. దేవదానం గారు నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు.

"ఒక మాట మింగావు," అన్నాడాయన.

"కొట్టేశానండీ. అది అబద్ధం."

"పుస్తకం రాసిన పెద్దాయన అబద్ధమాడాడంటావా?"

"మనిషికి తెలియదని ఆయనన్నాడు. నిజమేనండీ. నేనేమో ఆ మనుషుల్లోంచి నన్ను తీసేసుకుని, మా అమ్మని ఉంచేశాను."

"మరి ఏం తెలుసని మునుగుతానంటున్నావు?"

"తెలీదండీ. నీళ్ళు కావాలనిపిస్తోంది."

ఆయన తల అడ్డంగా ఆడించాడు. "ఇట్టాంటి మాటలు చాలా విన్నాను. ఈస్టర్ దాకా ఆగు. తెలుసుకుని రా."

జగదీష్ కాగితాలు మడిచాడు. ఎనిమిది నెలల నుంచి అతను ఎదురుచూసింది నీళ్ళలోకి ఆ నాలుగు మెట్లు దిగడానికే. వెనక కుర్చీ కిర్రుమంది.

"ఏందయ్యా నీ న్యాయం?" సీతమ్మ లేచి నిలబడింది. "నేనొచ్చిన కాడ్నించీ చూస్తన్నా, తిండి మీద కూడా ధ్యాస లేదు వాడికి. నలుగురిలో తల్లిని తక్కువ చెయ్యనన్నాడని గట్టు మీద నిలబెడతావా?"

దేవదానం గారు ఆమె నుదుటి మీది విభూతి కేసి చూశాడు. "నీకిష్టమేనా అమ్మా, నీ కొడుకు మునగటం?"

"ఇష్టమెట్టా ఉంటదయ్యా? కడుపు రగిలిపోతా ఉంది. అయినా అడిగేది వాడుగా, నేను కాదుగా."

  దేవదానం గారు కళ్ళజోడు తీసి గట్టు మీద పెట్టి, చెయ్యి చాచాడు.

"దిగు."

జగదీష్ దిగాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాక వెనక్కి తిరిగాడు. సీతమ్మ కుర్చీని మంచు వైపు తిప్పుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుని ఉంది. ఆ వీపునే చూస్తూ అతను ఊపిరి బిగబట్టాడు.