ఎడమ పక్క సీటు

నయాపూల్ దగ్గరి సందులో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సు ఒకటుండేది. ఇస్సాకు అందులో పెళ్లి కాకముందు నుంచీ మిషన్ నడిపాడు. పిలుపులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక ముందు రెండో మిషన్ ఆగింది, కొన్నాళ్లకు మొదటిదీ ఆగింది. ఒకరోజు పొద్దున అతను వెళ్లేసరికి పాత ఇనుము కొనేవాళ్లు దాని చక్రాలు విప్పి ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. అప్పటికి ఇస్సాకుకు నలభై నాలుగేళ్లు. బంగారు సిరా కలపడం, కాగితం బిగించడం తప్ప అతనికి వచ్చిన పని ఇంకొక్కటే. ప్రెస్సు వాళ్ల ట్రాలీ ఆటోలో కార్డుల కట్టలు పంచిపెట్టేవాడు. బండి నడపడమంటే ఇష్టం.

"పెద్ద బండి నేర్చుకుంట," అన్నాడు భార్య నీలమ్మతో. "హైవే మీద డ్రైవర్లు దొరుకుత లేరంట. నేర్చుకున్నోనికి పని ఖాయం."

నీలమ్మ సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. "గీ వయసులోనా?" అంది గానీ వద్దనలేదు.

నేర్పేచోటు దొరకడమే కష్టమైంది. ఊరి బయట పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. హాస్టలు, తెరమీద రోడ్డు చూపించే యంత్రం, అన్నీ ఉన్నాయి. ఫీజు వినగానే ఇస్సాకు కుర్చీలోంచి లేచాడు. రాయితీ ఏమైనా ఉందా అని అడిగితే కౌంటర్లోని అమ్మాయి, "అంకుల్, అది నలభై లోపు వాళ్లకే," అని జాలిగా చెప్పింది. పాతబస్తీలోనే ఇంకో స్కూలు తక్కువకు ఒప్పుకుంది. కానీ మైదానంలో నాలుగు చుట్లు తిప్పిస్తామని, లైసెన్సు సంగతి ఏజెంటు చూసుకుంటాడని అన్నారు.

"నాకు లైసెన్సే గాదు, తోలుడు రావాలె," అని ఇస్సాకు బయటికొచ్చేశాడు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద పంక్చర్లు వేసే భాయ్‌కు ఆ సంగతి చెబితే నవ్వాడు. "లక్ష్మయ్య ఉస్తాద్ దగ్గరికి పో భాయ్. టిప్పర్ తోలుతడు. పైసా అడగడు."

"ఎందుకు అడగడు?"

భాయ్ టైరు మీదినుంచి తల ఎత్తలేదు. "మాలూమ్ నై. ఆయన దగ్గరికి వచ్చినోళ్లు చానా దినాలుండరు. నేర్చుకొని పోతరో, ఉత్తగనే పోతరో."

టిప్పర్లు నిలిపే స్థలం అక్కడికి దగ్గర్లోనే ఉంది. చుట్టూ రేకుల ప్రహరీ, ఒకే గేటు. లక్ష్మయ్యకు అరవై దాటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, రంగు వేసిన జుట్టు. ఇస్సాకు మాట్లాడుతున్నంతసేపూ లక్ష్మయ్య అతని ముఖం వైపు చూడలేదు. తల కొంచెం వంచి విన్నాడు. తరువాత ఇస్సాకు చెయ్యి అందుకుని వేళ్లు తడిమాడు.

"ప్రెస్సులో చేసినవా? మంచిది. కండ్లెట్లున్నయ్?"

"మంచిగున్నయ్ ఉస్తాద్. పొద్దుందాక సన్న అక్షరాలు చూసినోణ్ణి."

"గదే గావాలె," అన్నాడు లక్ష్మయ్య. "ఇగో, ఇను. ముందుగాల స్టీరింగ్ ముట్టుడు లేదు. ఎడమ పక్క కూసో. రోడ్డు మీద ఏం కనబడితే గది పైకి చెప్పు. బండి, మనిషి, గుంత, లైటు ఏ రంగు, అన్ని. నోరు ఆగొద్దు. చూసుడు రానోనికి తోలుడు రాదు."

ఇస్సాకుకు ఆ మాట నచ్చింది. పెద్ద స్కూళ్లలో ఎవరూ చెప్పని మాట అది అనుకున్నాడు.

మర్నాటి నుంచి ఇద్దరూ బయలుదేరారు. పగలు పెద్ద బండ్లను నగరం లోపలికి రానివ్వరు కాబట్టి వాళ్ల తిరుగుడంతా దక్షిణం వైపే. రింగు రోడ్డు అవతల క్రషర్ దగ్గర కంకర ఎత్తుకుని, కొత్తగా లేస్తున్న ఇళ్ల దగ్గర దించి రావాలి. ఇస్సాకు ఎడమ పక్క సీట్లో కూర్చుని చెబుతూనే ఉండేవాడు. "ముంగట ఆటో, ఆగుతున్నది. ఎడమకు సైకిల్. సిగ్నల్ పచ్చ. బస్సు రోడ్డు మీదికొస్తున్నది." లక్ష్మయ్య మధ్యలో "ఎంత దూరం?" అని మాత్రం అడిగేవాడు. అతని చేతులు గేరు మీద, స్టీరింగ్ మీద నీళ్లలా కదిలేవి. ఏ గుంత ఎక్కడుందో, ఎక్కడ వంపు మొదలవుతుందో ముందే తెలిసినట్టు బండిని తిప్పేవాడు. ఇస్సాకు మురిసిపోయేవాడు.

అయినా కొన్ని సంగతులు మనసులో చిన్న ముల్లులా దిగబడ్డాయి. వాన మొదలైతే ఉస్తాద్ బండి తీయడు. సాయంత్రం ఎండ ఎదురుగా పడితే ఇంజన్ వేడెక్కిందని పక్కన ఆపేస్తాడు. చాయ్ గ్లాసు ఇస్తే అందుకునే ముందు వేలితో అంచు వెతుక్కుంటాడు. కుడివైపు అద్దం పగిలి చాలా రోజులైనట్టుంది. మార్పించుకోలేదు.

ఆదివారం నీలమ్మను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద చర్చికి వెళ్తున్నాడు. బహదూర్‌పురా చౌరస్తా దగ్గర అతనికి తెలియకుండానే నోరు మొదలుపెట్టింది. "ముంగట ఆటో. ఎడమకు ముసలాయన. సిగ్నల్ ఎర్ర."

నీలమ్మ పకపకా నవ్వింది. "ఏంది, బైబిల్ వాక్యాలు లెక్క చదువుతున్నవ్?"

అతను ఉస్తాద్ పద్ధతంతా చెప్పాడు. సిగ్నల్ పచ్చబడింది, స్కూటర్ కదిలింది. ఆమె నవ్వు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. చర్చి గేటు దగ్గర దిగి, కొంగు సర్దుకుంటూ అడిగింది. "మరి నువ్వు చెప్పకపోతే ఏమైతది?"

ఆ రోజు పాస్టరు ఏం చెప్పాడో ఇస్సాకు చెవికెక్కలేదు.

సోమవారం కంకర లోడుతో వస్తుంటే దారి ఖాళీగా ఉన్నచోట అతను నోరు మూశాడు. లక్ష్మయ్య వెంటనే, "ఏమున్నది?" అన్నాడు.

"ఏం లేదు ఉస్తాద్. సాఫ్."

మళ్లీ మౌనంగా కూర్చున్నాడు. చాలా ముందు, ఎండలో, ఒక ముసలామె తోపుడుబండిని రోడ్డుకు అడ్డంగా నెట్టుకుంటూ వెళ్తోంది. బండి నిండా జామకాయలు. ఇప్పుడు బ్రేకు పడుతుంది అనుకున్నాడు ఇస్సాకు. పడలేదు. ఉస్తాద్ వైపు చూశాడు. లక్ష్మయ్య ప్రశాంతంగా ముందుకే చూస్తున్నాడు, పెదవుల మీద ఏదో పాట కూనిరాగం. ముసలామె ఎరుపు రవిక కనబడింది, వాళ్ల వైపు తిప్పిన ముఖం కనబడింది.

"మనిషి! ముంగట మనిషి ఉస్తాద్!"

టిప్పర్ కీచుమని ఊగి ఆగింది. వెనక కంకర జారిన చప్పుడు. తోపుడుబండి ఒరిగి జామకాయలు రోడ్డంతా దొర్లాయి. ముసలామె బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. 

లక్ష్మయ్య బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపాడు.  "నిద్రపోయినవా?" అన్నాడు.  తరువాత నెమ్మదిగా, "నా సంగతి తెల్వక నోరు మూసినవా, తెల్సుకునేటందుకు మూసినవా?" అన్నాడు.

"ఎంత కనబడతది ఉస్తాద్?"

"కుడి కన్ను అసలే లేదు. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తది, పెద్ద పెద్ద నీడలు తెలుస్తయ్. షుగర్ తినేసింది." స్టీరింగ్ మీద తల ఆనించాడు. "ముప్పై ఏండ్ల సంది గిదే రోడ్డు. చేతులకు తెలుసు. అంజన్ సేటుకు ఎరుకే. లోడు చేరితే చాలు ఆయనకు. బండి దిగితే నాకు బుక్కెడు బువ్వ పెట్టెటోళ్లు లేరు తమ్మీ."

అంజన్ అంటే ఆ టిప్పర్ల యజమాని. ఇస్సాకు అతన్ని దూరం నుంచి చూశాడంతే.

"రేపటి సంది స్టీరింగ్ నీకిస్త," అన్నాడు లక్ష్మయ్య. "నా పనితనమంత నీకు నేర్పుత. నువ్వు పాసయ్యేదాక గీ మాట బయట పెట్టకు. గంతే."

ఇస్సాకు ఆ క్షణమే దిగిపోవచ్చు. తలుపు మీద చెయ్యి వేశాడు కూడా. దిగితే ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలియలేదు. నలభై దాటినవాణ్ణి, చేతిలో ఏమీ లేనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద బండి నేర్పేవాడు ఈ ఊళ్లో ఈ మనిషి ఒక్కడే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లక్ష్మయ్య మాట నిలబెట్టుకున్నాడు. ఎల్ బోర్డు కట్టించి ఇస్సాకును కుడి సీట్లో కూర్చోబెట్టాడు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఏం అడుగుతుందో చెవితో వినడం నేర్పాడు. వెనక చక్రాలు మలుపులో ఎక్కడ తిరుగుతాయో చేత్తో గాలిలో గీసి చూపించాడు. అంత బాగా నేర్పేవాళ్లు ఉండరని ఇస్సాకుకు ఇప్పటికీ నమ్మకం. కానీ లోడు ట్రిప్పు ఇస్సాకుది, ఖాళీ ట్రిప్పు ఉస్తాద్‌ది. స్టీరింగ్ వదలడం ఆయనకు చేతకాలేదు. ఆ ఖాళీ ట్రిప్పుల్లో ఇస్సాకు గొంతు ఎండిపోయేలా చెప్పేవాడు. బడి పిల్లలు రోడ్డు దాటుతుంటే ఒక్కొక్కరినీ లెక్కపెట్టి చెప్పేవాడు.

ఇంట్లో అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. నీలమ్మకు అంతా తెలుసు.

"మానేయ్," అంది ఒకరోజు. "నా బడి పోరగాండ్లు గూడ గట్లనే రోడ్డు దాటుతరు."

"టెస్టు దాకనే నీలమ్మా."

"టెస్టు దాక ఏం గాదని నీకు ఎవరు చెప్పిండ్రు?"

టెస్టులో ఇస్సాకు ఒక్క తప్పూ చేయలేదు. తనిఖీ అధికారి, "ఎక్కడ నేర్చుకున్నవయ్యా?" అని మెచ్చుకున్నాడు. వారం తిరగకుండానే శంషాబాద్ వైపు గోదాములో డ్రైవర్ పని దొరికింది. ఆ పొద్దున మిఠాయి డబ్బా పట్టుకుని టిప్పర్ల స్థలానికి వెళ్లాడు. ఉస్తాద్ కాళ్లు మొక్కి, ఇక బండి వదిలెయ్యమని బతిమాలాలనుకున్నాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి టిప్పర్ బయలుదేరుతోంది. ఎడమ పక్క సీట్లో కొత్త మనిషి ఉన్నాడు. బట్టతల, కళ్లజోడు, తన వయసే. తల వంచి కాళ్ల మధ్య టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు.

ఇస్సాకు ఆలోచించలేదు. గేటు మధ్యలోకి వెళ్లి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

టిప్పర్ వస్తూనే ఉంది. అద్దం వెనక లక్ష్మయ్య ముఖం స్పష్టంగా కనబడుతోంది. ఆ చూపు నేరుగా ఇస్సాకు ముఖం మీదే ఉంది. ఇన్నాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన మనిషి కళ్లలోకి చూస్తూ, ఏ మార్పూ లేకుండా, ఉస్తాద్ గేరు మార్చాడు. పక్కకు దూకాలని ఇస్సాకుకు తెలుసు. అయినా ఎత్తిన చేతులు దించకుండా నిలబడే ఉన్నాడు. 

"అరే, మనిషి! ఆపు ఆపు!" కొత్తవాడి కేక.

గాలి బ్రేకు బుస్సుమంది. బంపరు వేడి ఇస్సాకు చొక్కాకు తగిలింది. మిఠాయి డబ్బా ఎప్పుడు కిందపడిందో తెలియలేదు.

లక్ష్మయ్య దిగి, బండి అంచు తడుముకుంటూ ముందుకొచ్చాడు. "ఎవరు? ఎవరది?"

"నేను ఉస్తాద్. ఇస్సాకును."

 ఇస్సాకు క్యాబిన్ ఎక్కి తాళంచెవి తీసుకున్నాడు. కొత్త మనిషికి సూటిగా చెప్పాడు. "అన్నా, ఈయనకు కండ్లు లేవు. నీ కండ్లతోని తోలుతున్నడు. దిగు."

ఆ మనిషి పేరు డానియేలు. బట్టల దుకాణంలో గుమస్తా పని పోయి వచ్చాడట. దిగి, చాలాసేపు టిప్పర్ వైపు చూశాడు. "మరి నాకు ఇంకెక్కడ నేర్పుతరు?" అన్నాడు. 

లొల్లి విని అంజన్ వచ్చాడు. లోడు ఆగిపోతుందని తప్ప అతని ముఖంలో ఇంకే బాధా లేదు. "ఇన్ని దినాలు నువ్వు చెప్పినవ్, ఆయన తోలిండు. గప్పుడు ఎందుకు లేవలేదు లొల్లి?"

"గప్పుడు భయపడ్డ సేటు. ఇయ్యాల చేస్తున్న. ఆర్టీవో ఆఫీసుకు పోయి చెప్త."

అంజన్ తాళంచెవి లాక్కుని, లక్ష్మయ్య వైపు తిరిగి, "రేపటి సంది రాకు," అన్నాడు. అంతే.  లక్ష్మయ్య రేకుల ప్రహరీని చేత్తో రాసుకుంటూ గేటు దాటి వెళ్లాడు. ఇస్సాకు వెనకే వెళ్లి ఇంటిదాకా దిగబెడతానంటే చెయ్యి విదిలించుకున్నాడు. "నువ్వైతే నేర్చుకున్నవ్ గద," అన్నాడు.

ఇస్సాకు అన్నట్టే రవాణా ఆఫీసుకు వెళ్లి చెప్పాడు. లక్ష్మయ్య కంటి పరీక్ష సర్టిఫికెట్ సరిగ్గానే ఉందని, విచారిస్తామని అన్నారు. తరువాత ఉస్తాద్ గది వెతుక్కుంటూ వెళ్తే తాళం వేసి ఉంది. ఖాళీ చేసి వెళ్లిపోయాడని, ఎక్కడికో తెలియదని పంక్చర్ భాయ్ చెప్పాడు.

వానలు వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం ఇస్సాకు హైవే పక్కన బండి ఆపి అన్నం తింటున్నాడు. ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఎట్ల తోలుతున్నవ్ తమ్మీ?"

"ఉస్తాద్! మంచిగున్న. నువ్వెక్కడున్నవ్?"

"ఉన్న తియ్యి. మలుపుల తొందరపడకు."

ఆ గొంతు వెనక చప్పుడు వినిపించింది. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్న పెద్ద బండి ఇంజన్. ఆ చప్పుడు గుర్తుపట్టడం ఇస్సాకుకు నేర్పింది లక్ష్మయ్యే. అన్నం ముద్ద చేతిలోంచి జారిపోయింది.

"ఉస్తాద్, పక్కన ఎవరున్నరు?"

గేరు మారిన చప్పుడు వినబడింది.

"కొత్తాయన. మంచోడే," అన్నాడు లక్ష్మయ్య. ఫోను ఆగిపోయింది.

మళ్లీ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. ఇస్సాకు ఎంగిలి చేత్తోనే పోలీసులకు ఫోను చేశాడు. ఒక డ్రైవరుకు కళ్లు కనబడవని, ఇప్పుడే, ఈ నిమిషమే లోడు బండి తోలుతున్నాడని చెప్పాడు. అవతలి మనిషి ఓపికగానే అడిగాడు. బండి నంబరెంత? ఏ రోడ్డు మీద?

ఇస్సాకు ఉస్తాద్ పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, వచ్చిన ఫోను నంబరు చెప్పాడు. అతనికి తెలిసింది అంతే.