సోమవారం తూర్పు ప్రయాణం

పూర్ణలాల్ లాంటి మొగుణ్ణి కట్టుకున్న ఆడదానికి వేరే కష్టాలు అక్కర్లేదని అష్టమాయ ఎప్పుడో తేల్చుకుంది. తాగడు, కొట్టడు, పేకాడడు. నలుగురు ఆడవాళ్ళు కూచున్నచోట చెప్పుకుని ఏడవడానికి ఒక్క ముక్క మిగల్చలేదు. ముహూర్తాలు చెప్పే జోషిని అడగకుండా మాత్రం గడ్డం కూడా గీసుకోడు. ఆ సోమవారం పొద్దున ఛార్జింగ్ షెడ్డులో తను నడిపే టెంపో సీటు ఎత్తి, బ్యాటరీల మీది దుమ్ము పాత గుడ్డతో తుడుస్తూ, ఆమె ఈ సంగతే బ్యాటరీలకు చెబుతోంది.

కూతురు రసిలా కొరియా విమానం ఆ రోజు సాయంత్రమే. సోమవారం తూర్పుకు వెళ్ళకూడదు. కొరియా తూర్పునే ఉందని జోషి పటం చూసి మరీ చెప్పాడు. దానికి పాటన్‌లో అందరూ చేసే ఉపాయమే ఉంది. ముందురోజు మంచి ఘడియలో బ్యాగును గడప దాటించి పొరుగింట్లో పెడితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఇక ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు. కాకపోతే, దాటిన బ్యాగు మళ్ళీ ఇంట్లోకి రాకూడదు.

ఆదివారం పూర్ణలాల్ మోకాలు పట్టుకుని కుంటుతూ నీలం బ్యాగును ఎదురింటి అరుగు మీద పెట్టి, పసుపు గుడ్డలో పోకచెక్క, బియ్యం మూటగట్టి దాని పిడికి కట్టి వచ్చాడు. సాయంత్రం పని దిగి వచ్చిన అష్టమాయ ఆ బ్యాగును భుజాన వేసుకుని తిన్నగా ఇంట్లోకి తెచ్చింది.

"నాకేం తెలుసు? ఎవరో మరిచిపోయారనుకున్నా" అంది.

పాటన్‌లోనే పుట్టి, పాటన్‌లోనే కాపురం చేస్తున్న మనిషికి పసుపు మూట అంటే ఏమిటో తెలియదంటే నమ్మగలవాడు ఊరు మొత్తానికి పూర్ణలాల్ ఒక్కడే. నమ్మి, జోషి దగ్గరకు పరిగెత్తాడు. ఇక బ్యాగుతో కుదరదన్నాడు జోషి. సూర్యుడు పొడిచేదాకా ఆదివారమే కాబట్టి, ఆలోపు పిల్లే గడప దాటాలి, మళ్ళీ లోపల అడుగు పెట్టకూడదు. అలా రసిలా తెల్లవారకముందే, సామానంతా బ్యాగులో ఉండిపోగా, ఇంటి చెప్పులతో వీధిలోకి వచ్చి నిలబడింది. అష్టమాయ ఆమె పక్కనుంచే నడుచుకుంటూ షెడ్డుకు వచ్చేసింది.

రెండు నెలలుగా తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. రసిలా పన్నెండో తరగతి పాసైన రోజు అష్టమాయ టెంపోను అమ్మకానికి పెట్టింది. తెల్లటి మూడు చక్రాల బండి. కొన్ననాటి నుంచి దాని హ్యాండిల్ పట్టీపట్టీ ఆమె అరచేతులు గరగరలాడే అట్టల్లా తయారయ్యాయి. దాన్ని అమ్మి, మరిది దగ్గర కొంత తెచ్చి, పిల్లను ఆస్ట్రేలియాలో నర్సింగుకు పంపాలని లెక్క. రసిలా వద్దంది. బట్టల కొట్టులో నిలబడి కూడబెట్టుకున్న దానితో ఏడాదిపాటు కొరియా భాష నేర్చుకుని సర్కారు పరీక్ష రాసింది. పాసైంది. రెండు నెలల కిందట అక్కడి రైతు ఒకాయన ప్లాస్టిక్ పందిళ్ళ కింద మిరపకాయలు కోయడానికి ఏరుకున్నాడు. రైతు కులపు జ్యాపూ పిల్ల. తాతలు కోడళి పార పట్టి పాటన్ చుట్టూ మట్టి తిరగేశారు. ఆ మట్టి తన పిల్ల గోళ్ళలోకి రాకూడదనే అష్టమాయ హ్యాండిల్ పట్టింది.

"నా చేత్తో సగుణ్ ఇవ్వను. ఎలా వెళ్తుందో చూస్తా" అని వీధిలో అందరికీ వినపడేట్టు చెప్పింది. తల్లి చేతి సగుణ్, అంటే గుడ్డు, చేప, ఐలా సారా, తీసుకోకుండా నేవార్ల ఇంట్లో ఎవరూ ఊరు దాటరు. రసిలా అడగలేదు. అడగదు కూడా.

లగన్‌ఖేల్‌లో మొదటి ట్రిప్పుకి జనం ఎక్కుతుంటే ఇంటి చెప్పుల కాళ్ళు రెండు అద్దంలో కనబడ్డాయి. రసిలా వెనక బెంచీ చివర, ఆకుకూరల బుట్ట పెట్టుకున్న ఒక ముసలమ్మ పక్కన, కూచుంది. ఇంటికి వెళ్ళకూడదు, ఎవరింట్లోనూ రోజంతా కూచోవడం కుదరదు. ఇంకెక్కడికి పోతుంది?

రత్నపార్క్ వచ్చింది. అందరూ దిగారు. రసిలా దిగలేదు. మళ్ళీ జనం ఎక్కారు. సగం కట్టలు బండిలోనే అమ్ముడుపోయాయి, మిగతా సగానికి దిగడమెందుకని ముసలమ్మ కూడా దిగలేదు. లగన్‌ఖేల్ బజారులోనే అమ్ముకుంటానంది.

"అజీ, ఆ పిల్ల ఎక్కడ దిగుతుందో అడగండి" అంది అష్టమాయ, ముసలమ్మను అవ్వ వరసలో పిలిచి, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"నువ్వే అడగవే, నోరు లేదా?" అంది ముసలమ్మ.

"డ్రైవరు ప్రయాణికులతో మాట్లాడకూడదు."

"పొద్దుట్నుంచీ ఆ ట్రాఫిక్ పోలీసుని తిట్టింది ఎవరమ్మా మరి?"

బెంచీల మీద నవ్వారు. రసిలా ముసలమ్మ చెవి దగ్గరకు వంగింది. బండి మొత్తానికి వినపడింది. "దిగాల్సినచోట కప్పు మీద నాణెంతో తడతానని చెప్పండి, అజీ."

"తట్టమనండి. కొరియాలో మిరపకాయలు కోసుకునేవాళ్ళ దగ్గర నాణేలకేం తక్కువ!"

"ఇక్కడ డిగ్రీ చదివి ఖాళీగా కూచున్నవాళ్ళ కంటే మిరపకాయలు నయమని చెప్పండి."

"ఆస్ట్రేలియాలో ఖాళీగా ఎందుకు కూచుంటుంది? పంపుతామన్నాం కదా!"

"టెంపో అమ్మేస్తే పొద్దున్నే లేచి ఎవరిని తిడుతుందో అడగండి. నాన్న ఒక్కడు చాలడు."

ముసలమ్మ బుట్ట సర్దుకుంది. "ఇది నేను చెప్పను. మీరిద్దరూ విన్నారు, నేనూ విన్నాను."

అష్టమాయ హారన్ కొట్టింది. ముందు ఎవరూ లేరు.

మధ్యాహ్నం షెడ్డులో ఖాళీ బ్యాటరీలు దింపి నిండువి ఎక్కిస్తుంటే రసిలా అలవాటుగా వచ్చి ట్రాలీ ఇంకో వైపు పట్టుకుంది. చిన్నప్పుడు బడి వదలగానే ఇక్కడికే వచ్చేది. బ్యాటరీల మీద అట్ట వేసుకుని లెక్కలు చేసేది. ఆసిడ్ చుక్క పడి గౌను చిల్లులు పడితే, ఆ చిల్లులకు పువ్వులు కుట్టింది అష్టమాయ. ట్రాలీ ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళింది.

మూడు దాటాక, ఖాళీ బుట్టతో ఊరికి పోతూ ముసలమ్మ మళ్ళీ అదే టెంపో ఎక్కింది. "ఇంకా దిగలేదా నువ్వు?"

"విమానం టైమైంది, అజీ" అంది రసిలా మెల్లగా.

అష్టమాయ బండిని పక్కకు తీసి ఆపింది. "ఇక ఇది ఈ రూటులో పోదు. వెనక బండి ఎక్కండి." జనం గొణుక్కుంటూ దిగారు. ముసలమ్మ దిగలేదు.

"ఎయిర్‌పోర్టు రూటు నీది కాదుగా, పోలీసు పట్టుకుంటే?"

"మీరే సాక్షి. చెప్పండి, పిల్లకి సుస్తీ అని."

మిన్‌భవన్ దాటాక గాలి చల్లబడింది. ఎయిర్‌పోర్టు మలుపులో, పొద్దుటి నుంచి ఒక్కసారీ తట్టని రసిలా నాణెం కప్పు మీద రెండుసార్లు మోగింది. అష్టమాయ అక్కడే ఆపింది. ఒకే రకం టోపీలు పెట్టుకుని కొరియా వెళ్ళే పిల్లల గుంపు కాస్త దూరంలో ఉంది. పూర్ణలాల్ నీలం బ్యాగు పక్కన నిలబడి ఉన్నాడు, దగ్గు మందు సీసాలో ఐలా పట్టుకుని.

"నువ్వు ఇవ్వనన్నావు కదా, ఎదురింటి చమేలీ వదిన చేత ఇప్పిద్దామని..."

అష్టమాయ సీటు కింది పనిముట్ల పెట్టె తెరిచింది. పానాల మధ్య ఉడికించిన గుడ్డు, ఆకులో చుట్టిన ఎండు చేప, మట్టి ముంతలో పెరుగు.

"మధ్యాహ్నం తిందామని తెచ్చుకున్నా" అంది, ఎవరూ అడగకముందే.

"పెరుగు కూడానా?" అన్నాడు పూర్ణలాల్.

"నోరు మూసుకుని సీసా ఇవ్వు."

ఆమె కూతురి నుదుట పెరుగు, బియ్యం అద్దింది. కుడిచేతిలో గుడ్డు, చేప పెట్టి, ఎడమచేతికి ఐలా ఇచ్చింది. రసిలా కొరికింది, గుటక వేసింది, దగ్గింది. ముసలమ్మ టెంపోలోంచే చేతులు జోడించింది.

రసిలా టెంపో బెంచీ మీద కూచుని బ్యాగులోంచి కొత్త బూట్లు తీసి తొడుక్కుంది. లేస్ కడుతుంటే తల్లి చేతులు ముడుచుకుని కూతురి చేతుల్నే చూస్తూ నిలబడింది.

"రసిలా." రెండు నెలల్లో ఇదే మొదటిసారి. "బ్యాగు తెలిసే తెచ్చాను. పసుపు మూట చూశాను. చూసే తెచ్చాను. తప్పు నాదే."

పూర్ణలాల్ నోరు తెరిచాడు.

"తెలుసు" అంది రసిలా. "దారిలో మూట ఊడిపోతే మళ్ళీ కట్టావు. అది నువ్వు టెంపో మీద పరదా కట్టే ముడి. నాన్నకి రాదు."

"మరి నిన్ననే అడగలేదేం?"

"అడిగితే ఇవాళ టెంపో ఎక్కనిచ్చేదానివా?"

అలాంటి టోపీయే పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని గుంపు వైపు నడిచింది. బయల్దేరాక వెనక్కి చూడకూడదని జోషి చెప్పాడు, చూడలేదు. టోపీల్లో ఏది ఆమెదో కాసేపటికి తెలియకుండా పోయింది.

తిరుగు దారిలో పూర్ణలాల్ ముందు సీటులో మోకాలు రాసుకుంటూ కూచున్నాడు. జోషి మాట ఒక్కటీ ఎత్తలేదు. కోటేశ్వర్‌లో నలుగురు ఎక్కారు. లోపల అడ్డంగా ఏదో ఉందని ఒకాయన కాలితో పక్కకు నెట్టబోతే ముసలమ్మ ఆయన మోకాలి మీద ఒక్కటి వేసింది.

బెంచీ కింద ఇంటి చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమదాని మడమ అరిగిపోయింది. కుడిదాని తెగిన పట్టీకి ఎర్రటి బ్యాటరీ వైరు ముక్క, పరదా కట్టే ముడితో. ఆ ముడి అష్టమాయ వేసింది కాదు.